పాళయాల ఊళ్ళలో ఒక చిన్నపిల్ల డైరీ

కోయంబత్తూరు అనగానే మనవాళ్ళలో చాలామందికి ఊటీ గుర్తొస్తుంది. తెల్లవారుజామున రైలు దిగడం, స్టేషన్ ఎదుట ఇడ్లీ, కాఫీ కానిచ్చి మేట్టుపాళయం బస్సెక్కేయడం. మదురై అంటే మీనాక్షమ్మ దర్శనం, ఆ రాత్రికే రామేశ్వరం ప్రయాణం. దిగి, నాలుగు రోజులుండి చూడవలసిన పాత తెలుగు నివాసాలు ఈ రెండు చోట్లా ఉన్నాయని మనకెవరూ చెప్పరు. ఈసారి మావారూ నేనూ పది రోజులు తీరిక చేసుకుని ఆ పని చేసి వచ్చాం. చూసినవి రాద్దామని కూర్చుంటే గుళ్ళూ గోపురాలకంటే ముందు, ఎనభై ఏళ్ళ కిందట ఆమ్‌స్టర్‌డాంలో ఒక ఆడపిల్ల రాసుకున్న డైరీ కలంలోకి వస్తోంది. దానికీ ఈ ఊళ్ళకీ సంబంధం ఏమిటా అనుకుంటున్నారు కదూ! అది చెప్పడానికే ఈ వ్యాసం.

పేరులోనే దండు

కోయంబత్తూరులో బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదువుకుంటూ నిలబడితే చాలు, సగం చరిత్ర తెలిసిపోతుంది. పాపనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం, నరసింహనాయకన్‌పాళయం. పాళయమంటే దండు విడిసిన చోటు. మన నెల్లూరు, చిత్తూరు వైపు పాళెం అంటామే, అదే. 1529 ప్రాంతంలో విజయనగరం తరఫున మదురై ఏలడానికి వచ్చిన విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు కలిసి దేశాన్ని 72 పాళయాలుగా పంచారని చరిత్ర. పాళెగాడు కోట కాయాలి, దండును పోషించాలి, పన్ను వసూలు చేసి మదురైకి పంపాలి.

దండు వెంట దండు ఒక్కటే రాలేదు. నాగలి పట్టేవారు, మగ్గం నేసేవారు, చెరువులు తవ్వే ఒడ్డెవారు, తోలుపని చేసేవారు అందరూ వచ్చారు. అందుకని ఇక్కడ తెలుగు ఏ ఒక్క కులానికో చెందిన భాష కాదు. మిల్లు యజమానుల ఇళ్ళలో ఎంత వినిపిస్తుందో, అరుంధతీయుల వీధుల్లో అంతకంటే ఎక్కువే వినిపిస్తుంది. మనం ఈ సంగతి మరచిపోయి, వాళ్ళని లెక్కలోకి తీసుకోకుండా “తమిళనాడు తెలుగువారు” అని మాట్లాడేస్తూ ఉంటాం.

ఊరు పెరిగిన కథ అందరికీ తెలిసిందే గనుక రెండు మాటల్లో ముగిస్తాను. 1888లో మొదటి నూలు మిల్లు వచ్చింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1926లో పి.ఎస్.జి. కుటుంబం ధర్మసంస్థ స్థాపించింది. 1930లలో పైకారా జలవిద్యుత్తు దిగి వచ్చాక మిల్లుల సంఖ్య చకచకా పెరిగింది. కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి, విద్యుత్ మోటార్ల దాకా వెళ్ళారు. ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాల పిల్లలకి తప్పకుండా చూపించండి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ ఊళ్ళని కూడా తాకింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా రోజుల్లో దగ్గర్లోని సూలూరు విమానాశ్రయాన్ని ఉద్యమకారులు తగలబెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. మద్రాసులో వేలాది కుటుంబాలు ఇళ్ళకి తాళాలు వేసి లోపలి జిల్లాలకి తరలిపోయాయి. బర్మా నుంచి నాలుగైదు లక్షల మంది భారతీయులు, అందులో మన తెలుగువాళ్ళు ఎందరో, అడవుల్లో నడిచి ప్రాణాలు దక్కించుకున్నారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. ఆ గుంపుల్లో పదమూడేళ్ళ పిల్లలు వేలమంది ఉండే ఉంటారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆ నడకలో తెలుగులో రాసుకున్న డైరీ ఇంతవరకూ నా కంటబడలేదు.

అవ్వకి చెప్పిన కథ

సింగానల్లూరు వైపు మావారి మిత్రుడొకరి ఇంట్లో మూడు రోజులున్నాం. పెద్ద వాకిలి, మిద్దె, వెనకాల కొబ్బరిచెట్లు. ఇంటికి పెద్దదిక్కు వారి అమ్మగారు. ఎనభై ఎనిమిదేళ్ళావిడ. ఇంట్లోవాళ్ళే కాదు, వీధి వీధంతా ఆవిడని అవ్వ అనే పిలుస్తారు. ఆవిడ మనవరాలు తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు మీడియం, రెండో భాష తమిళం. బడిలో చదవమన్నారని ఆన్ ఫ్రాంక్ డైరీ ఇంగ్లీషులో చదువుతోంది.

రెండో రోజు రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోయింది. అందరం వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాం.

“ఆ పుస్తకంలో ఏముందని ఇది రెండు దినాలుగా తలెత్తదు? మీరైనా అడగండమ్మా” అంది అవ్వ.

పాపకి చెప్పడానికి తెలుగు చాలలేదు. సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో మొదలుపెట్టి నా వైపు చూసింది. నాకు ఆ పుస్తకం చాలా ఏళ్ళుగా పరిచయం. ఇద్దరం కలిసి అవ్వకి చెప్పాం.

ఆన్ 1929 జూన్ 12న జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. వాళ్ళు యూదులు. హిట్లరు గద్దె ఎక్కిన 1933లో ఆ కుటుంబం ఊరు విడిచి హాలెండులో ఆమ్‌స్టర్‌డాంకి చేరింది. 1940లో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. 1942లో పదమూడో పుట్టినరోజుకి నాన్న ఆ పిల్లకి ఎరుపూ తెలుపూ గళ్ళ అట్ట ఉన్న పుస్తకం ఇచ్చాడు. అందులో ‘కిట్టీ’ అని ఊహించుకున్న స్నేహితురాలికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే, జూలై 6న, కుటుంబమంతా నాన్న కార్యాలయం వెనక భాగంలో దాక్కున్నారు. గుమ్మానికి అడ్డంగా పుస్తకాల బీరువా. తరువాత మరి నలుగురు చేరి ఎనిమిదిమందయ్యారు. పగలు కింద గిడ్డంగిలో పనివాళ్ళుంటారు గనుక గట్టిగా మాట్లాడకూడదు, చెప్పులతో నడవకూడదు, నీళ్ళు వదలకూడదు.

“పాండవుల మాదిరి అజ్ఞాతవాసమా?” అంది అవ్వ.

ఆ మాటకి నేను ఆశ్చర్యపోయాను. పుస్తకం గురించి ఎంతో చదివాను గాని, ఇంత దగ్గర మాట నాకెప్పుడూ తట్టలేదు. అవునవ్వా అన్నాను. పాండవులకి ఒక్క ఏడాది. వీళ్ళకి రెండేళ్ళు దాటింది. పాండవులు తలో వేషంతో పదిమందిలో తిరిగారు. వీళ్ళకి కిటికీ తెర తొలగించి వీధి చూడడానికీ భయమే.

“తిండి?” అని అడిగింది. కార్యాలయంలో పనిచేసే నలుగురు తమ ప్రాణాలకి తెగించి రేషను చీట్లు సంపాదించి తెచ్చేవారని చెప్పాం. రేషను మాట వినగానే అవ్వకి తన చిన్నతనం గుర్తొచ్చింది. యుద్ధకాలంలో గుడ్డకి కంట్రోలు వచ్చిందనీ, మిల్లుల ఊరిలో ఉండి కూడా పండక్కి కొత్త పావడా లేకపోయిందనీ, కిరసనాయిలు లేక పొద్దుండగానే తినేసి పడుకునేవారమనీ చెప్పింది. మనవరాలు పుస్తకం మూసి అవ్వ వైపు తిరిగి కూర్చుంది. ఆన్ ఉన్న కాలంలోనే అవ్వ కూడా చిన్నపిల్ల అన్న సంగతి దానికి అప్పుడే తెలిసింది.

“కడాకి బయటికి వచ్చినారా?”

చెప్పక తప్పలేదు. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి అందరినీ పట్టుకుపోయారు. డైరీలో చివరి తేదీ ఆగస్టు 1. ఆన్, అక్క మార్గోట్ ఇద్దరూ 1945 మొదటి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో జబ్బుపడి చనిపోయారు. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం వచ్చి ఆ శిబిరాన్ని విడిపించింది. ఎనిమిదిమందిలో తండ్రి ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ కార్యాలయంలో పనిచేసిన మీప్ అనే ఆవిడ, నేల మీద చెల్లాచెదరుగా పడి ఉన్న కాగితాలన్నీ ఏరి, చదవకుండా, సొరుగులో దాచి ఉంచింది. పిల్ల తిరిగొస్తే ఇద్దామని. చివరికి తండ్రి చేతిలో పెట్టింది. 1947లో అది పుస్తకంగా వచ్చింది. ఇవాళ డెబ్బైకి పైగా భాషల్లో ఉంది.

అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కంబళత్తు నాయకర్ల ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ చెప్పింది. ఉత్తరాన ఎక్కడో ఒక దొర ఆ కులంలోని ఆడపిల్లని బలవంతాన పెళ్ళాడతానన్నాడట. రాత్రికి రాత్రే అందరూ మూటాముల్లె కట్టుకుని పారిపోయి వస్తుంటే ఎదురుగా ఏరు పొంగి ఉంది, వెనకాల గుర్రాలు. అప్పుడు రెండు గట్ల మీది కానుగచెట్లు వంగి వంతెన అయ్యాయట. దాటి వచ్చి ఈ సీమలో నిలిచారట.

“ఆ పిల్ల పేరేమి అవ్వా?” అని అడిగింది మనవరాలు.

“పేరా? పేరెవరు చెప్పినారు?” అంది అవ్వ. “అది రాసిపెట్టింది. ఇది రాయలే.”

తెలుగు మాట, తమిళ అక్షరం

మర్నాడు పొద్దున పాప తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. అవ్వ మాటలు కొన్నాళ్ళుగా రాసి పెడుతోందట. దుడ్డు, ఎనుము, సద్ది, మిద్దె. రాయలసీమలో నేటికీ పల్లెల్లో వినిపించే మాటలు. అయితే రాసింది తెలుగు లిపిలో కాదు, తమిళ అక్షరాల్లో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది ఇక్కడ అలాగే రాసుకుంటారు.

తమిళ లిపి తమిళానికి చక్కగా సరిపోతుంది. మన మాటలు మాత్రం అందులో ఇరుకున పడతాయి. క, గ రెండింటికీ అక్షరం ఒకటే. ప, బ రెండింటికీ ఒకటే. పాట అని రాసినా, బాట అని రాసినా చూడడానికి ఒకటే. గాలి, కాలి అంతే. రాసిన పాపకి తెలుసు గాని, యాభై ఏళ్ళ తరువాత ఆ నోటుపుస్తకం తెరిచినవారికి అవ్వ పాట పాడిందో, బాట పట్టిందో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రాంతంలో తెలుగు మాధ్యమంగా చదువుకునే అవకాశం ఎప్పుడూ కొద్దిమందికే దక్కింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఒక్కో తరగతీ పెంచుకుంటూ వెళ్ళి 2015–16కి అది పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం న్యాయమే. ఐదు వందల ఏళ్ళుగా ఆదరించిన నేల అది. ఇంటి భాషకి అక్షరాలు నేర్పే బాధ్యత మాత్రం ఇక పూర్తిగా ఇంటిదే అయింది.

ఆన్ సంగతి ఇక్కడ ఇంకోసారి ఆలోచించాలి. వాళ్ళ ఇంట్లో అమ్మానాన్నల భాష జర్మన్. పిల్ల రాసింది వలస వచ్చిన ఊరి భాష డచ్చిలో. అజ్ఞాతవాసంలో వాళ్ళు సరదాకి రాసుకున్న నియమావళిలో జర్మన్ మాట్లాడకూడదన్న నిబంధన కూడా ఉంది. తనని తరిమిన వాళ్ళ భాష, తన తల్లి భాష ఒకటే కావడం ఎంత కష్టం! మనకి ఆ గతి పట్టలేదు. మనల్ని తెలుగు వదిలేయమని ఎవరూ తరమలేదు. కాబట్టి ఆ పిల్ల కన్నీటికి మన సంగతిని జత కట్టడం నా ఉద్దేశం కాదు. అన్యభాషలో రాసినా ఆ పిల్ల మనసు చెక్కుచెదరలేదు గదా అని ఒక మాట అనవచ్చు. నిజమే. కాని ఆ పిల్లకి డచ్చి కూడికూడి చదివే భాష కాదు. బడిలో, ఆటలో, స్నేహంలో పెరిగిన భాష. మన పాపకి తమిళం అలాంటిదే. తన సంగతి తమిళంలో రాసుకుంటే నాకు అభ్యంతరమేమీ లేదు. అవ్వ సంగతి రాసేటప్పుడే తెలుగు అక్షరం కావాలి.

మంగమ్మ మేడలో

కోయంబత్తూరు నుంచి మదురై రెండు వందల కిలోమీటర్లు పైబడి ఉంటుంది. స్టేషన్ ఎదుటే మంగమ్మాళ్ సత్రం. 1689 నుంచి 1706 దాకా పసిబిడ్డ మనవడి తరఫున రాజ్యం చేసిన రాణి మంగమ్మ కట్టించినది. 1636లో తిరుమల నాయకుడు కట్టించిన మహలులో ఇప్పుడు మిగిలింది సుమారు నాలుగో వంతేనంటారు. ఆ స్తంభాల కింద నిలబడితే మిగిలిన మూడు వంతులు ఎలా ఉండేవో ఊహకందదు.

ఈ నాయకులు రాయించిన, రాసిన పుస్తకాలు కోటల కంటే గట్టివి. ‘రాయవాచకము’ అనే వచన గ్రంథం 1600 ప్రాంతంలో మదురై ఆస్థానంలోనే పుట్టిందని పరిశోధకులు నిర్ణయించారు. విశ్వనాథ నాయకుడికి ఆయన స్థానాపతి పంపిన నివేదికలాగా, కృష్ణదేవరాయల దండయాత్రల కథ చెబుతుంది. మంగమ్మ మనవడు విజయరంగ చొక్కనాథుడు తానే ‘శ్రీరంగ మాహాత్మ్యము’ తెలుగు వచనంలో రాశాడు. అంటే ఛందస్సు అక్కర్లేకుండా మామూలు మాటల్లో రాయడం ఈ దక్షిణ దేశపు తెలుగువాళ్ళకి మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటే అలవాటు. అయితే రాసినవారు రాజులూ, రాజులు పోషించినవారూ.

యుద్ధాన్ని దగ్గర నుంచి చూసి రాసిన ఆడవారు లేరా అంటే, మదురైకి సంబంధించి ఒకావిడ ఉంది. గంగాదేవి. బుక్కరాయల కుమారుడు కంపన భార్య. 1371 ప్రాంతంలో భర్త మదురై సుల్తానులని గెలిచిన వృత్తాంతాన్ని ‘మధురావిజయం’ అనే కావ్యంగా రాసింది. పాడుబడిన మదురై గుళ్ళూ వీధులూ అందులో కనిపిస్తాయి. సంస్కృతంలో రాసినా, మొదట్లో తాను కొలిచిన కవుల్లో మన తిక్కనని కూడా తలచింది. అవ్వ నోట అజ్ఞాతవాసం మాట వచ్చిందంటే విరాటపర్వం తెలుగు చేసిన ఆ తిక్కన పుణ్యమే గదా! ఆ కావ్యం శతాబ్దాల తరబడి ఎవరికీ తెలియలేదు. 1916లో తిరువనంతపురంలో ఒక తాళపత్ర ప్రతి బయటపడింది. అక్కడక్కడా ఆకులు శిథిలమై ఉన్నాయి. దాచిన చేతులెవరివో గాని, అక్కడా ఒక మీప్ ఉండే ఉంటుంది.

రాణి మంగమ్మ పేరుతో చెప్పుకునే తముక్కం మేడలో ఇప్పుడు గాంధీ స్మారక ప్రదర్శనశాల ఉంది. 1959లో నెహ్రూ ప్రారంభించారు. గాంధీజీ చివరి రోజున కట్టుకున్న, నెత్తురు మరకలున్న వస్త్రం అక్కడ చూడవచ్చు. అదే ప్రదర్శనశాలలో, హిట్లరుని ‘ప్రియ మిత్రమా’ అని సంబోధిస్తూ యుద్ధం ఆపమని గాంధీజీ రాసిన ఉత్తరం కూడా ఉంది. ఆయన మొదటి ఉత్తరం తేదీ 1939 జూలై 23. అప్పటికి ఆన్‌కి పదేళ్ళు నిండి నెలన్నర కాలేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఉత్తరాన్ని హిట్లరుకి చేరనివ్వలేదు. చేరినా ఏమయ్యేదో మనకి తెలుసు. అయినా ఆ కాగితం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

అక్కడే మను గాంధీ గుర్తొచ్చింది. 1927లో పుట్టిన ఈ అమ్మాయి గాంధీజీకి మనవరాలి వరుస. 1943లో పుణేలో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్న కస్తూర్బాకి సేవ చేయడానికి వెళ్ళి, ఆ ఏప్రిల్‌లో డైరీ రాయడం మొదలుపెట్టింది. అప్పటికి పదహారేళ్ళు నిండలేదు. ఎప్పుడు లేచింది, ఎంత నూలు వడికింది, ఏ పాఠం చదివింది, బా ఆరోగ్యం ఎలా ఉంది, అన్నీ గుజరాతీలో రాసింది. గాంధీజీ చదివి సంతకం పెట్టేవారు. 1944 ఫిబ్రవరి 22న కస్తూర్బా కన్నుమూసినప్పుడు ఆ పిల్ల అక్కడే ఉంది. ఆ డైరీ 2019లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది.

ఒకే ఏడాది, రెండు ఖండాల్లో, ఇద్దరు ఆడపిల్లలు నాలుగు గోడల మధ్య కూర్చుని డైరీలు రాశారు. మను ఉన్నది చెర. అయినా అందులో భద్రత ఉంది, పెద్దవారి నీడ ఉంది. ఆన్ ఉన్న చోట ప్రతి మెట్ల చప్పుడూ చావే. మను రాసింది పెద్దవారు చూస్తారని తెలిసి. ఆన్ రాసింది ఎవరూ చూడరనుకుని. అందుకే ఆన్ డైరీలో అమ్మ మీద కోపం, పక్కవాళ్ళ మీద చికాకు, బంగాళాదుంపల మీద విసుగు దాపరికం లేకుండా ఉన్నాయి. 1944 మార్చిలో లండన్ రేడియోలో ఒక డచ్చి మంత్రి, యుద్ధం ముగిశాక ప్రజల డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామని ప్రకటించాడు. అది విని ఆ పిల్ల తన డైరీని పుస్తకంగా తిరగరాయడానికి కూర్చుంది. మామూలు మనుషుల రాతకి విలువుందని ఒక పెద్దమనిషి రేడియోలో అన్న ఒక్క మాట, అటక మీద ఉన్న పిల్లకి అంత ఊపిరి పోసింది.

మనం చేయగలిగింది

మన సంఘాల్లో ఉగాదికి పద్యాలు, దసరాకి బొమ్మల కొలువు, సంక్రాంతికి ముగ్గులు బాగానే జరుగుతున్నాయి. వాటితో పాటు ఈ పని కూడా పెట్టుకుంటే ఎలా ఉంటుందో చూడండి. పదేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఒక నోటుపుస్తకం ఇవ్వండి. వారానికి ఒక పేజీ. తన సంగతి తనకి చేతనైన భాషలో రాసుకోమనండి. దాన్ని మనం చూడనక్కర్లేదు. అవ్వో, తాతో, అమ్మమ్మో చెప్పిన సంగతి ఒక్కటి మాత్రం తెలుగు అక్షరాల్లో రాయించండి. తప్పులుంటే ఉండనివ్వండి. పైన తేదీ, చెప్పినవారి పేరు, ఊరి పేరు తప్పకుండా వేయించండి. తెలుగు అక్షరాలు ఇంకా రానివారికి, రోజుకి అరగంట కూర్చోబెడితే మూడు నెలల్లో ఆ మాత్రం రాయడం వస్తుంది.

మేము బయలుదేరే రోజున పాప నా చేత తన నోటుపుస్తకంలో అచ్చులూ హల్లులూ రాయించుకుంది. క పక్కన గ, ప పక్కన బ పెద్దగా రాసిచ్చాను. అవ్వ పక్కనే కూర్చుని చూస్తూ, “నా పేరు ముందు రాయి” అంది.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రెండు చోట్లా ఎండ బాధ తక్కువ. మదురైలో చిత్తిరై ఉత్సవం చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళాలి గాని గది ముందే కుదుర్చుకోవాలి. గాంధీ ప్రదర్శనశాలకి ఒక పూట పూర్తిగా కేటాయించండి. కోయంబత్తూరు పల్లెల్లో ఎవరినైనా దారి అడిగేటప్పుడు ఒకసారి తెలుగులో అడిగి చూడండి. మాకు ఐదారు చోట్ల జవాబు తెలుగులోనే వచ్చింది.